బండికి ముందు బరువు ఉండాలి

(సామాజిక రేడియోలో ప్రసారమైన ప్రసంగ పాఠం. మాట్లాడినవారు బహ్రెయిన్‌లోని సల్మాబాద్‌లో మెకానిక్‌గా పనిచేస్తున్నారు.)



నన్ను మాట్లాడమని అడిగినప్పుడు ముందు వద్దనే అన్నాను. నేను రచయితను కాను, పాటలు రావు, పద్యాలు రావు. వచ్చిందల్లా బండి పని. "ఆ బండి పని గురించే చెప్పండి" అన్నారు. సరే, ఆ ధైర్యంతోనే మీ ముందుకొచ్చాను.

నేనుండేది సల్మాబాద్‌లో. మనామాకు దగ్గరే. ఒక పక్క ఈసా టౌన్, ఇంకో పక్క కుండలు చేసే ఆలీ ఊరు. మధ్యలో మా సల్మాబాద్. గ్యారేజీలు, వెల్డింగ్ షాపులు, టైర్ల కొట్లు, గోదాములు, వాటి వెనక మాబోటి వాళ్ళం ఉండే గదులు. ఇక్కడికి వచ్చిన కొత్తలో "దేశం కాని దేశం వచ్చి ఇనుప సామాన్ల బజారులో పడ్డానే" అనుకున్నాను. ఇప్పుడు ఆ బజారే నా ఊరైంది. మా సొంత ఊరు నిజామాబాద్ జిల్లాలో ఆర్మూరు దగ్గర. 2005లో వచ్చాను.

ఈరోజు చెప్పబోయేది పికప్ ట్రక్కు వెనక ట్రైలర్ కట్టుకుని కుటుంబంతో బయల్దేరడం గురించి. అమెరికాలో ఉన్న మనవాళ్ళు దాన్ని ట్రావెల్ ట్రైలర్ అంటారు, మేమిక్కడ కారవాన్ అంటాం. పడకలు, వంటగది, బాత్రూము అన్నీ ఉన్న చక్రాల ఇల్లు అన్నమాట. ఎడారి దేశంలో దానితో పనేముంది అనుకోకండి. చలికాలం వచ్చిందంటే బహ్రెయినీలు పిల్లాపాపలతో సఖీర్ ఎడారికి వెళ్ళి గుడారాలు వేసుకుంటారు. 2004 నుంచి ఫార్ములా వన్ పందేలు జరుగుతున్నది ఆ సఖీర్‌లోనే. 1932లో చమురు పడిన మొదటి బావి కూడా ఆ పక్కనే, జబల్ దుఖాన్ కొండ కింద ఉంది. చుట్టూ గుడారాలు, జనరేటర్లు, నీళ్ళ ట్యాంకులు, కారవాన్లు. ఎండాకాలమంతా ఎక్కడో ఒక మూల ఎండకు మాడిన ఆ కారవాన్లన్నీ సీజన్ ముందు మా గ్యారేజీలకు వస్తాయి. బేరింగులకు గ్రీజు పెట్టడం, టైర్లు మార్చడం, లైట్లు చూడడం, హిచ్ బిగించడం మా పని. లాగేవి ఎక్కువగా అమెరికన్ పెద్ద పికప్పులు, అన్నీ దాదాపు పెట్రోలువే.

కిందటేడు మా అమ్మాయి డాలస్ నుంచి ఫోన్ చేసింది. "బాపూ, మేం ట్రైలర్ కొంటున్నాం. వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని కొలరాడో పోతాం, అత్తమ్మ కూడా వస్తున్నది" అంది. అల్లుడు ఫోన్ అందుకున్నాడు. "మామయ్యా, మూడు పావుల టన్ను పికప్ తీసుకున్నాను, సెకండ్ హ్యాండ్, 7.3 లీటర్ల పెట్రోలు ఇంజను. ఆఫీసులో అందరూ డీజిల్ తీసుకోవాల్సింది అంటున్నారు. పెట్రోలు లాగుతుందా?" అని అడిగాడు.

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. జవాబు చెప్తాను.

లాగుతుంది. హాయిగా లాగుతుంది. కాకపోతే దాని తీరు వేరు. 2020 మోడల్‌తో వచ్చిన ఆ 7.3 లీటర్ల ఫోర్డ్ ఇంజను శక్తి 430 హార్స్ పవర్. దాని టార్క్ 475 పౌండ్-ఫీట్లు, అదీ 4,000 ఆర్పీఎం దగ్గర పూర్తిగా అందుతుంది. అదే ఏడాది అదే కంపెనీ డీజిల్ ఇంజను 1,050 పౌండ్-ఫీట్లు, 1,600 ఆర్పీఎం దగ్గరే ఇచ్చేస్తుంది. అంటే డీజిల్ నింపాదిగా నడిచే దున్నపోతు లాంటిది. పెట్రోలు బండి ఎత్తు ఎక్కేటప్పుడు కిందిగేరులోకి దిగి, నాలుగు వేలు, నాలుగున్నర వేలు తిరుగుతూ గట్టిగా అరుస్తుంది. ఆ అరుపు విని "ఇంజను పగిలిపోతుందేమో" అని భయపడేవాళ్ళను చూశాను. ఏమీ కాదు. దాన్ని చేసిందే అలా తిరగడానికి. టో-హాల్ మీట నొక్కి దాని మానాన దాన్ని వదిలెయ్యండి, ఏ గేరు కావాలో అదే చూసుకుంటుంది. దిగేటప్పుడు కూడా అదే కిందిగేరు పట్టి ఇంజనుతో వేగం తగ్గిస్తుంది. బ్రేకు మీదే కాలు పెట్టుకుని కొండ దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు పోతుంది.

ఒక తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. టర్బో లేని పెట్రోలు ఇంజనుకు ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడి ఊపిరి ఆడదు. ప్రతి మూడు వందల మీటర్లకు సుమారు మూడు శాతం శక్తి పోతుందని లెక్క. మా బహ్రెయిన్‌లో అన్నిటికన్నా ఎత్తైన జబల్ దుఖానే 134 మీటర్లు, కాబట్టి మాకా బాధ లేదు. కానీ డాలస్ నుంచి కొలరాడోకు రాటోన్ కనుమ మీదుగా వెళ్తే ఆ కనుమ ఎత్తు సుమారు 2,400 మీటర్లు. అక్కడ మీ 430 హార్స్ పవర్ కాస్తా 330 దగ్గరికి దిగుతుంది. కుడి వరసలో లారీల వెనక నెమ్మదిగా ఎక్కండి. పది నిమిషాలు ఆలస్యమైతే కొంపలేం మునగవు. పెట్రోలు కూడా బాగా తాగుతుంది. ట్రైలర్ కట్టాక లీటరుకు మూడు, నాలుగు కిలోమీటర్లకు మించి ఆశ పెట్టుకోవద్దు.

అల్లుడికి ఇదంతా చెప్పాక "అయితే ఫరవాలేదన్నమాట" అన్నాడు. "బాబూ, మీరు అడగాల్సిన ప్రశ్న అది కాదు" అన్నాను. ఎందుకన్నానో చెప్పాలంటే 2009 జనవరిలో జరిగినది చెప్పాలి.

అప్పటికి నేను గ్యారేజీలో చేరి మూడేళ్ళు దాటింది. ఒక గురువారం సాయంత్రం, ఒక పెద్దాయన కారవాన్ సఖీర్‌కు తీసుకెళ్ళాలని హడావుడి. లాగే బండి మంచి హెవీ డ్యూటీ పికప్, పెట్రోలుది. నడిపేది మన తెలుగు కుర్రాడే, కడప జిల్లావాడు, వాళ్ళింట్లో డ్రైవరు. హిచ్ తగిలించింది నేను. గొలుసులు వేశాను, లైట్లు చూశాను. వెనక్కి వెళ్ళి చూస్తే కారవాన్ తోక కిందికి కూర్చుని ఉంది. వెనక బంపరు మీద జనరేటర్ కట్టారు, వెనక గదిలో నీళ్ళ డ్రమ్ములు, బొగ్గు బస్తాలు పెట్టారు. పైగా అంతకుముందు వారం ఇసుకలో తిప్పడానికి పికప్ టైర్లలో గాలి తగ్గించి, మళ్ళీ నింపలేదు.

నాకు కనబడింది. నేను ఏమీ అనలేదు.

ఎందుకనలేదంటే, అర్బాబ్ పక్కనే నిలబడి "యల్లా, యల్లా" అంటున్నాడు. పెద్దాయన గడియారం చూసుకుంటున్నాడు. హెల్పర్ స్థాయి నుంచి అప్పుడప్పుడే పైకొచ్చినవాణ్ణి, సామాను దింపి మళ్ళీ సర్దండి అంటే ఎవరు వింటారు, తిట్లు తినాలి అనుకున్నాను. బండి పెద్దది కదా, అదే లాగేస్తుందిలే అనుకున్నాను.

రిఫా దాటాక రోడ్డు ఖాళీ. ఆ రోజు ఉత్తరపు గాలి, ఇక్కడ షమాల్ అంటారు, బాగా వీస్తోంది. ఒక పెద్ద లారీ పక్కనుంచి దూసుకెళ్ళింది. ఆ గాలికి కారవాన్ తోక ఊగడం మొదలైంది. కుడికి, ఎడమకు, ప్రతిసారీ ముందుకన్నా ఎక్కువ. కుర్రాడు కంగారుపడి బ్రేకు గట్టిగా తొక్కాడు. కారవాన్ పక్కకు పడి, పికప్‌ను కూడా ఈడ్చుకుపోయింది. పిల్లలు వేరే కారులో వెనక వస్తున్నారు, దేవుడి దయ. కుర్రాడికి భుజం ఎముక విరిగింది. మూడు నెలలు పని లేదు. అక్కడ ఇంట్లో చెల్లెలి పెళ్ళి పెట్టుకుని ఇతను పంపే డబ్బు కోసం చూస్తున్నారు. పెళ్ళి వాయిదా పడింది.

అందరూ గాలిని తిట్టారు. లారీని తిట్టారు. నన్నెవరూ ఏమీ అనలేదు. నాకు కనబడిందన్న మాట ఆ కుర్రాడితో చెప్పడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఒక శుక్రవారం టీ తాగుతూ చెప్పాను. అతను కాసేపు ఊరుకుని, "నేనూ చూసినా అన్నా. నేను మాత్రం ఏమన్నా?" అన్నాడు.

ఇక అసలు విషయానికి వస్తాను. మీలో పల్లెటూళ్ళలో పుట్టినవాళ్ళు ఎడ్లబండి ఎక్కే ఉంటారు. మా బాపు పసుపు బస్తాలు బండికెత్తి నిజామాబాద్ మార్కెట్‌కు తోలుకెళ్ళేవాడు. బస్తాలు ఎలా పడితే అలా వేసేవాడు కాదు. ఇరుసు మీద ఎక్కువ బరువు, దానికి కాస్త ముందుకు ఇంకొంచెం. అన్నీ వెనక వేస్తే కాడి పైకి లేచి ఎద్దుల మెడకు పలుపు బిగుసుకుంటుంది. అన్నీ ముందు వేస్తే ఎద్దుల మెడలు వంగిపోతాయి. బాపు కాడిని చేత్తో ఎత్తి చూసి "ఇంకో బస్తా ముందుకు జరుపు" అనేవాడు. బడి మొహం చూడని మనిషి. ఆయన చేత్తో చూసినదాన్నే అమెరికా పుస్తకాలు టంగ్ వెయిట్ అంటాయి. ట్రైలర్ మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం హిచ్ మీద పడాలి. పదికి తగ్గితే తోక ఊగుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ ఊపు తనంతట తాను తగ్గడం మానేసి పెరగడం మొదలుపెడుతుంది. ముందున్నది ఎంత పెద్ద బండైనా దాన్ని పూర్తిగా ఆపలేదు.

బరువును నాలుగు చక్రాల మీద సర్దే స్ప్రింగ్ బార్ల హిచ్ దొరుకుతుంది. 3,000 కిలోల ట్రైలర్‌కు అది ఉండడం మంచిదే. కానీ వెనక సామాను ఎక్కించి ఆ తప్పును బార్లు దిద్దుతాయనుకుంటే పొరపాటు.

రెండో లెక్క, పికప్ మోయగలిగే బరువు. అమ్మేవాళ్ళు ఎప్పుడూ "ఇన్ని వేల పౌండ్లు లాగుతుంది" అని పెద్ద అంకె చెప్తారు. మీరు ఆ అంకె పక్కన పెట్టి, అమెరికాలో అయితే డ్రైవరు తలుపు తెరిచి పక్క స్తంభం మీదున్న కాగితం చదవండి. మనుషులూ సామానూ కలిపి ఎంతకు మించకూడదో ఆ బండికే ప్రత్యేకంగా రాసి ఉంటుంది. డ్రైవరు కూడా అందులోనే లెక్క. హిచ్ మీద పడే బరువు కూడా అందులోనే లెక్క. ఇది చాలామందికి తెలియదు.

అల్లుడితో చదివించాను. ఆ బండికి 1,350 కిలోలు రాసి ఉంది. ఇదే తరగతి బండి డీజిల్ ఇంజనుతో వస్తే ఇంజనే బరువు కాబట్టి మోసే సామర్థ్యం మామూలుగా రెండు మూడు వందల కిలోలు తగ్గుతుంది. అందుకే పెట్రోలు కొని తప్పు చేశానేమో అన్న దిగులు వద్దన్నాను. కొండ మీద డీజిల్‌ది పైచేయి, వీపు మీద మోయడంలో పెట్రోలుది.

తర్వాత ఖాళీ పికప్ కాదు, ప్రయాణానికి సర్దినట్టే మొత్తం సర్ది కాంటాకు తీసుకెళ్ళమన్నాను. అమెరికాలో హైవేల పక్కన లారీలు ఆగే చోట్ల కాంటాలుంటాయి, కొద్ది డాలర్లు తీసుకుని ఇరుసుల వారీగా బరువు కాగితం ఇస్తారు. ముందు పికప్ ఒక్కటీ మనుషులతో సహా తూచాలి. తర్వాత ట్రైలర్ తగిలించి, స్ప్రింగ్ బార్లు బిగించకుండా తూచాలి. రెండోసారి పికప్ ఇరుసుల మీద ఎంత పెరిగిందో అదే హిచ్ మీది బరువు. దానికి ట్రైలర్ ఇరుసుల బరువు కలిపితే ట్రైలర్ మొత్తం బరువు.

"మామయ్యా, నేను లెక్క వేశాను, కంపెనీ వాళ్ళ కాగితం ప్రకారం అంతా సరిగ్గానే ఉంది" అన్నాడు. ఆ కాగితం ఖాళీ ట్రైలర్‌ది. అందులో మీ అత్తమ్మ ఊరగాయ జాడీలు లేవు కదా. అల్లుడికి కొంచెం నామోషీ అయిందని తెలుస్తూనే ఉంది. సాఫ్ట్‌వేర్‌లో పెద్ద ఉద్యోగం. మామ చూస్తే సల్మాబాద్ మెకానిక్. మా అమ్మాయి "బాపూ, ఇంక వదిలెయ్యి, ఆయన చూసుకుంటాడు" అంది. 2009లో అయితే వదిలేసేవాణ్ణే. ఈసారి వదల్లేదు. "బిడ్డా, కాంటా కాగితం నాకు పంపేదాకా నాకు నిద్ర పట్టదు" అన్నాను.

శనివారం వెళ్ళి తూయించారు. ట్రైలర్ 3,190 కిలోలు. హిచ్ మీద 250 కిలోలు. ఎనిమిది శాతం కూడా లేదు. వెనక బంపరు మీద నాలుగు సైకిళ్ళూ వాటి స్టాండూ, వెనక అలమరల నిండా బియ్యం, పప్పులు, డబ్బాలు, పనిముట్లు. నాకు ఆ కాగితం చూడగానే జనరేటర్ కట్టిన ఆ కారవాన్ కళ్ళ ముందు నిలబడింది.

సైకిళ్ళు, స్టాండు కలిపి 90 కిలోలు. వాటిని తీసి పికప్ తొట్టిలో పెట్టించాను. వెనకున్న బరువైన సామాను మరో 90 కిలోలు ముందు అరలోకి మార్పించాను. మళ్ళీ తూస్తే ట్రైలర్ 3,100, హిచ్ మీద 390. పన్నెండున్నర శాతం. ఇప్పుడు పికప్ లెక్క చూడండి. హిచ్ మీద 390, హిచ్ ఇనుము 45, మనుషులు ఐదుగురు 320, తొట్టిలో సైకిళ్ళతో కలిపి 200. మొత్తం 955 కిలోలు. 1,350కి లోపే, ఇంకా దాదాపు 400 మిగిలే ఉంది. డబ్బు ఖర్చేమీ లేదు, కాంటా రుసుము తప్ప.

ఇంకో నాలుగు మాటలు త్వరగా చెప్పేస్తాను, కాగితం కలం ఉంటే రాసుకోండి.

ట్రైలర్ టైర్లు అరిగి పోవు, ఎండి పోతాయి. పైకి కొత్తగా కనబడినా పక్క గోడ మీద నాలుగంకెల సంఖ్య చూడండి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం ఇరవై మూడో వారంలో చేసింది అని అర్థం. ఐదారేళ్ళు దాటితే మార్చెయ్యండి. గాలి ఉదయం చల్లగా ఉన్నప్పుడే చూడాలి. చాలా ట్రైలర్ టైర్లు గంటకు 65 మైళ్ళ వేగానికే చేసినవి. గల్ఫ్‌లో ఉన్న శ్రోతలకు ఒక ప్రత్యేక మాట. ఇసుక కోసం గాలి తగ్గిస్తే, రోడ్డెక్కే ముందు నింపి తీరాలి.

ట్రైలర్‌కు సొంత ఎలక్ట్రిక్ బ్రేకులు ఉంటాయి. వాటిని నడిపే కంట్రోలర్ పికప్‌లో ఉండాలి. బయల్దేరే ముందు ఖాళీ స్థలంలో మెల్లగా పోతూ దాని మీట ఒక్కటే నొక్కి ట్రైలర్ పట్టి ఆపుతోందో లేదో చూడండి. తెగిపోతే దానంతటదే బ్రేకు పడే తీగ ఒకటుంటుంది, దాన్ని పికప్‌కు తగిలించండి, గొలుసుకు కాదు. గొలుసులు ఒకదాని మీద ఒకటి అడ్డంగా వెయ్యండి, హిచ్ ఊడితే కొన నేల మీద పడకుండా ఆ ఉయ్యాల పట్టుకుంటుంది.

ఒకవేళ తోక ఊగడం మొదలైతే స్టీరింగ్ అటూ ఇటూ తిప్పొద్దు, పికప్ బ్రేకు గట్టిగా తొక్కొద్దు. స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి, ట్రైలర్ బ్రేకు మీట ఒక్కటే చేత్తో నొక్కండి. ట్రైలర్ వెనక్కి లాగి తిన్నగా అవుతుంది. తర్వాత పక్కకు ఆపి సామాను చూసుకోండి. మా కడప కుర్రాడికి ఈ ఒక్క మాట ఎవరైనా ముందు చెప్పి ఉంటే బాగుండేది. చెప్పాల్సినవాణ్ణి నేనే.

జూన్‌లో మావాళ్ళు బయల్దేరారు. అమరిల్లో దగ్గర ఎప్పుడూ గాలే అని విన్నాను, అందుకే ఆ రోజు పనిలో ఉన్నా జేబులో ఫోన్ మీదే నా ధ్యాస. ఇక్కడ రాత్రి పొద్దుపోయాక అమ్మాయి మెసేజ్ పెట్టింది, "గాలి బాగా ఉంది బాపూ, బండి కదిలింది కానీ ఊగలేదు" అని. మూడో రోజు అల్లుడు ఫోన్ చేశాడు. రాటోన్ కనుమ ఎక్కుతుంటే ఇంజను అరిచిందట, పిల్లలు చెవులు మూసుకున్నారట. "మీరు చెప్పకపోతే భయపడేవాణ్ణి మామయ్యా" అన్నాడు. ఆ తర్వాత ఇంకో మాట చెప్పాడు. వాళ్ళు దిగిన క్యాంపులో పక్కనున్న ఒకాయన ట్రైలర్ తోక కిందికి వంగి ఉందట. ముక్కూ మొహం తెలియని మనిషి, ఏమనుకుంటాడో అని కాసేపు తటపటాయించి, వెళ్ళి చెప్పాడట. ఆయన ముందు మొహం చిట్లించినా, పొద్దున్నే సామాను ముందుకు సర్దుకోవడం కనబడిందట.

నేను చెప్పదలుచుకున్నది అంతే. ఈ వేసవిలో బండి కట్టేవాళ్ళు ఒకసారి కాంటా ఎక్కించండి. మీది కాకపోయినా, పక్కవాడి బండి తోక వంగి కనబడితే నోరు తెరిచి చెప్పండి. తిడితే తిట్టనివ్వండి.

 అందరూ క్షేమంగా వెళ్ళి లాభంగా రండి. సెలవు.